కాకిబంగారం, సారా, పొదుపు: ఆత్మకూరు మెట్టకు వాషింగ్టన్ ఎలా వచ్చింది?

ఆత్మకూరు బస్టాండులోనో, ఉదయగిరి టీ కొట్టు దగ్గరో పేపరు తిరగేసేవాళ్లకు "ప్రపంచ బ్యాంకు అప్పు" అనే మాట కొత్తది కాదు. చెరువులకు నీటి సంఘాల ఎన్నికలు పెట్టినప్పుడు విన్నారు. కరెంటు చార్జీలు పెరిగినప్పుడు విన్నారు. వెలుగు పథకం ఊళ్లోకి వచ్చినప్పుడు విన్నారు. ఇప్పుడు అమరావతి పేరుతో మళ్లీ వింటున్నారు. 2024 కేంద్ర బడ్జెట్‌లో రాజధాని కోసం 15,000 కోట్ల రూపాయలు ఇలాంటి సంస్థల ద్వారా సమకూరుస్తామన్నారు. ఆ ఏడాది డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.88 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి.

మాట పాతదే. కానీ ఆ బ్యాంకు ఎవరిది, అందులో డబ్బు ఎక్కడిది, తీసుకున్నది ఎవరు తీరుస్తారు అని అడిగితే బాగా చదువుకున్నవాళ్లు కూడా తడుముకుంటారు. అందులో వాళ్ల తప్పు లేదు. ఈ సంగతి మనకు ఎప్పుడూ నినాదంగానో నిందగానో మాత్రమే అందింది. ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ.

ముందుగా ఒక పొరపాటు తొలగించుకోవాలి. ప్రపంచ బ్యాంకు మన వీధిలో ఉండే బ్యాంకు వంటిది కాదు. అక్కడ ఎవరూ ఖాతా తెరవలేరు, డిపాజిట్ వేయలేరు. దాని వాటాదారులు దేశాలు. అప్పు తీసుకునేవీ దేశాలే. దానికి తోబుట్టువు అంతర్జాతీయ ద్రవ్యనిధి. దాన్నే ఐఎంఎఫ్ అంటాం. రెండూ ఒకే సమావేశంలో పుట్టాయి, రెండింటి కార్యాలయాలూ వాషింగ్టన్‌లోనే ఉన్నాయి, కానీ పనులు వేరు. దేశానికి విదేశీ డబ్బు కొరత వచ్చినప్పుడు ఆదుకునేది ద్రవ్యనిధి. రోడ్డు, డ్యాము, కరెంటు, బడి వంటి పనులకు దీర్ఘకాలం అప్పు ఇచ్చేది ప్రపంచ బ్యాంకు.

అవి ఎందుకు పుట్టాయో చెప్పడానికి నేను అమెరికా నుంచి మొదలుపెట్టను. మన అభ్రకం నుంచి మొదలుపెడతాను.

నెల్లూరు జిల్లా అభ్రకపు పట్టీకి గుండెకాయ గూడూరు, సైదాపురం వైపు ఉంది. దాని కొనలు పాత ఆత్మకూరు, కావలి తాలూకాల దాకా సాగాయి. ఎండలో తళతళలాడే ఆ రాతిపొరను మన పెద్దలు కాకిబంగారం అన్నారు. బంగారంలా మెరుస్తుంది, విలువ లేదని ఆ పేరు. రెండో ప్రపంచ యుద్ధం ఆ పేరును తారుమారు చేసింది. అభ్రకం వేడికి కాలదు, విద్యుత్తును తన గుండా పోనివ్వదు. విమానం ఇంజనుకూ, రేడియోకూ అది లేకుండా గడవదు. నాణ్యమైన అభ్రకం ఎక్కువగా దొరికేది మన దేశంలోనే. 1942లో బ్రిటన్, అమెరికా కలిసి ఇక్కడ అభ్రకం కొనడానికి ఉమ్మడి ఏర్పాటే చేసుకున్నాయి.

ఆ సరుకుకు డబ్బు ఎలా ముట్టిందన్నదే అసలు సంగతి. గనిలో దిగిన కూలీకి రూపాయలు అందాయి. గని యజమానికీ రూపాయలే అందాయి. కానీ బ్రిటన్ ఆ రూపాయలను వెంటనే ఇవ్వలేదు. లండన్‌లో భారత రిజర్వు బ్యాంకు పేరిట ఉన్న ఖాతాలో పౌండ్లలో బాకీ రాసుకుంది. ఆ బాకీ పత్రాలను హామీగా పెట్టుకుని రిజర్వు బ్యాంకు ఇక్కడ నోట్లు అచ్చువేసింది. అమెరికా నుంచి వచ్చిన డాలర్లు కూడా నేరుగా మన చేతికి రాలేదు. లండన్‌లోని సామ్రాజ్య ఖాతాలో కలిశాయి.

దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. అభ్రకం, జనపనార, బట్ట, తిండిగింజలు ఓడలెక్కి వెళ్లాయి. ఊళ్లలో నోట్లు పెరిగాయి, కొనడానికి సరుకు తగ్గింది, ధరలు మండాయి. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు పడిన బాకీ దాదాపు 130 కోట్ల పౌండ్లు. వాటినే స్టెర్లింగ్ నిల్వలు (లండన్‌లో పౌండ్ల రూపంలో మనకు రావలసిన సొమ్ము) అన్నారు. బానిస దేశం యజమాని దేశానికి అప్పిచ్చింది. ఆ అప్పుకు అసలు ఇక్కడి కూలీ కడుపు మాడ్చుకుని కట్టింది.

ఈ బాకీ పత్రాన్ని చేతిలో పెట్టుకునే మనవాళ్లు 1944 జులైలో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌కు వెళ్లారు.

అది న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక కొండ విడిది. అక్కడి మౌంట్ వాషింగ్టన్ హోటల్లో జులై 1 నుంచి 22 దాకా 44 దేశాల ప్రతినిధులు కూర్చున్నారు. యుద్ధం ఇంకా ముగియలేదు. అయినా అంత తొందర ఎందుకంటే 1930ల భయం వాళ్లను వదల్లేదు. మహా మాంద్యం వచ్చినప్పుడు ప్రతి దేశమూ తనను తాను కాపాడుకోవాలని చూసింది. తన సరుకు చౌకగా అమ్ముడుపోవాలని తన నాణెం విలువ తగ్గించుకుంది. పక్క దేశం సరుకు రాకుండా సుంకాలు పెంచింది. పక్క దేశమూ అదే చేసింది. ఒక చెరువు కింద ప్రతి రైతూ తన తూము దగ్గరే గండి కొట్టుకుంటే ఏమవుతుందో అదే అయింది. వ్యాపారం ఎండిపోయింది, కోట్లమందికి పని పోయింది, ఆ నిరాశలోంచి యుద్ధం పుట్టింది. మళ్లీ అలా జరగకుండా దేశాలన్నీ ఒక కట్టుబాటుకు రావాలన్నది ఆ సమావేశం ఉద్దేశం.

అక్కడ రెండు ఆలోచనలు పోటీపడ్డాయి. ఒకటి బ్రిటిష్ ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్‌ది. రెండోది అమెరికా ఖజానా శాఖ అధికారి హ్యారీ డెక్స్‌టర్ వైట్‌ది. ఎగుమతుల కంటే దిగుమతులు ఎక్కువై అప్పులపాలయ్యే దేశం తప్పు చేసిందని అందరూ అంటారు. కీన్స్ మరొక మాట కలిపాడు. ఎప్పుడూ అమ్మడమే తప్ప కొనని దేశం కూడా ఈ చిక్కుకు కారణమే, కాబట్టి సర్దుకోవలసిన భారం దాని మీదా పడాలి అన్నాడు. ఇందుకోసం ఒక ఉమ్మడి ప్రపంచ నాణేన్ని కూడా ప్రతిపాదించాడు. అప్పటికి ప్రపంచంలో మిగులు ఉన్న దేశం అమెరికా. బంగారం ఉన్నదీ దాని దగ్గరే. అందువల్ల వైట్ ఆలోచనే గెలిచింది. ఇది చిన్న సంగతి కాదు. సర్దుబాటు బరువంతా అప్పు తీసుకునేవాడి భుజం మీదే పడే పద్ధతి అక్కడ స్థిరపడింది. తర్వాత ఎనభై ఏళ్లుగా వినిపిస్తున్న ఫిర్యాదుల్లో సగానికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

స్వాతంత్ర్యం రాకపోయినా మన దేశానికి అక్కడ కుర్చీ దొరికింది. ప్రతినిధి వర్గానికి పెద్ద బ్రిటిష్ అధికారి జెరెమీ రైస్‌మన్. మనవాళ్లలో రిజర్వు బ్యాంకు గవర్నరు సి.డి. దేశ్‌ముఖ్, ఆర్.కె. షణ్ముఖం చెట్టి, ఎ.డి. ష్రాఫ్ ఉన్నారు. లండన్‌లో చిక్కుకున్న పౌండ్లను కొత్త సంస్థ ద్వారా వాడుకోదగిన డబ్బుగా మార్చే దారి చూపమని వాళ్లు అడిగారు. సమావేశం ఒప్పుకోలేదు. అది బ్రిటన్, ఇండియా తమలో తాము తేల్చుకోవలసిన లెక్క అన్నారు. మనవాళ్లు ఇంకొకటి కూడా అడిగారు. యుద్ధంలో కూలిన దేశాలను నిలబెట్టడంతో సరిపెట్టకుండా, ఇంకా నిలబడని పేద దేశాల ఎదుగుదలను కూడా లక్ష్యంగా రాయమన్నారు. దీన్ని అనుకున్నంత కాకపోయినా కొంత సాధించారు. ప్రపంచ బ్యాంకు అసలు పేరు అంతర్జాతీయ పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు. ఆ పేరులోని రెండో మాట మనలాంటి దేశాలది. దేశ్‌ముఖ్, చెట్టి ఇద్దరూ తర్వాత స్వతంత్ర భారత ఆర్థిక మంత్రులయ్యారు.

ఇక ఈ సంస్థలు పనిచేసే తీరు. మెట్ట ప్రాంతంలో పొదుపు సంఘం తెలియని ఇల్లు లేదు కాబట్టి దానితోనే పోల్చి చెబుతాను.

పదిమంది ఆడవాళ్లు సంఘంగా చేరతారు. నెలనెలా తలా కొంత వేస్తారు. ఒకరికి అవసరం పడితే ఆ ఉమ్మడి డబ్బులోంచి తీసుకుని, వాయిదాల్లో తిరిగి కడతారు. ద్రవ్యనిధి ఇలాంటిదే. ప్రతి దేశమూ ఒక కోటా (దేశం కట్టవలసిన వాటా) కడుతుంది. మొదట్లో అందులో నాలుగో వంతు బంగారం రూపంలో, మిగతాది సొంత నాణెంలో కట్టేవారు. ఏ దేశానికైనా దిగుమతులకు కట్టడానికి డాలర్లు కరువైతే ఈ ఉమ్మడి నిధిలోంచి తీసుకోవచ్చు. ఆ వెసులుబాటుతో ఆ దేశం ఊపిరి పీల్చుకుని లెక్కలు సర్దుకోవాలి. పంట చేతికి రావడానికి రెండు నెలలుందనగా ఇంట్లో రొక్కం లేకపోతే చేబదులు తీసుకోమా, అలాంటిది.

ప్రపంచ బ్యాంకు పద్ధతి వేరు. దేశాలు వాటా డబ్బులో కొద్ది భాగమే రొక్కంగా ఇస్తాయి. మిగతాది హామీ. "అవసరమైతే మేమున్నాం" అని ప్రభుత్వాలిచ్చిన ఆ మాటను చూపించి బ్యాంకు మార్కెట్లో బాండ్లు అమ్ముతుంది. పింఛను నిధులు, బీమా కంపెనీలు, ధనవంతులు అవి కొంటారు. ఆ డబ్బునే దేశాలకు అప్పు ఇస్తుంది. సంఘం పూచీ మీద గ్రామీణ బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పు ఇస్తుంది కదా, ఆ సూత్రమే. ఒంటరిగా వెళితే పేద దేశానికి అంత తక్కువకు ఎవరూ ఇవ్వరు.

ప్రపంచ బ్యాంకు తొలి అప్పు 1947లో ఫ్రాన్స్‌కు, 25 కోట్ల డాలర్లు. తర్వాత ఐరోపాకు అమెరికా మార్షల్ ప్రణాళిక కింద నేరుగా డబ్బు కుమ్మరించడంతో బ్యాంకు చూపు మనవైపు తిరిగింది. 1949లో మన రైల్వేలకు 3.4 కోట్ల డాలర్ల అప్పు వచ్చింది. మార్కెట్ వడ్డీ కూడా కట్టలేని దేశాలకోసం 1960లో అంతర్జాతీయ అభివృద్ధి సంఘం (తక్కువ ఖర్చుతో దీర్ఘకాలం అప్పు ఇచ్చే ప్రపంచ బ్యాంకు విభాగం) పెట్టారు. దీన్ని ఐడిఏ అంటారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ మన ఊళ్లోనే కలుస్తుంది.

పొదుపు సంఘంతో పోలిక ఒకచోట తెగిపోతుంది. సంఘంలో పదిమందికీ తలా ఒక ఓటు. ద్రవ్యనిధిలో డబ్బు ఎంత వేస్తే ఓటు అంత. అమెరికాకు సుమారు 16.5 శాతం ఓట్లున్నాయి. పెద్ద నిర్ణయాలకు 85 శాతం కావాలి. అంటే అమెరికా ఒక్కటి కాదంటే అవి ఆగిపోతాయి. మన ఓట్లు మూడు శాతం లోపే. ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు అమెరికా ప్రతిపాదించినవాడు, ద్రవ్యనిధి అధిపతి ఐరోపావారు. ఇది రాతలో లేని ఆచారం. ఇప్పటి ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు అజయ్ బంగా బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవారే. ఆయన్ను 2023లో ప్రతిపాదించింది మాత్రం అమెరికాయే.

మన దేశం ద్రవ్యనిధి తలుపు గట్టిగా తట్టిన సంవత్సరం 1991. ఆ సంక్షోభం మూలాల్లో ఒకటి కువైట్‌లో ఉంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగిసింది. ఉదయగిరి కొండలకు అవతల కడప జిల్లా నుంచి, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి అక్కడికి పనికి వెళ్లినవాళ్లు కట్టుబట్టలతో విమానాలెక్కి వచ్చేశారు. వాళ్లు పంపే డబ్బు ఆగింది. కొనే చమురుకు ఖర్చు పెరిగింది, వచ్చే డాలర్లు తగ్గాయి. 1991 నడిమికి దేశం దగ్గరున్న విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకు మించి సరిపోదు. జులైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువపెట్టి 40.5 కోట్ల డాలర్లు తెచ్చింది. ఇంట్లో పుస్తె తాకట్టు పెట్టిన రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ వార్త చదివినప్పుడు కలిగిన బాధ వేరే చెప్పనక్కర్లేదు.

అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు. విదేశీ చెల్లింపుల లెక్కలు చూస్తున్న ఆర్థిక శాఖ అధికారుల్లో కడప జిల్లావాసి వై.వి. రెడ్డి ఒకరు. ఆయన తర్వాత ద్రవ్యనిధిలో మన దేశం తరఫున డైరెక్టరుగా పనిచేశారు, రిజర్వు బ్యాంకు గవర్నరు అయ్యారు. ద్రవ్యనిధి అప్పు కోసం చేయి చాచిన ఆ రోజుల్లోనే జులై 1న ఒకసారి, 3న ఒకసారి రూపాయి విలువ తగ్గించారు. బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచి, రైతులు గగ్గోలు పెట్టాక 30 శాతానికి దించారు. పెన్న కింద వరి పెట్టిన రైతుకు ద్రవ్యనిధి తొలిసారి తగిలింది యూరియా బస్తా మీదే. అప్పు ఇచ్చేటప్పుడు ద్రవ్యనిధి పెట్టే ఇలాంటి నిబంధనలనే షరతులు అంటారు. లోటు తగ్గించు, రాయితీలు కోయి, దిగుమతుల లైసెన్సులు సడలించు. ఈ షరతులన్నీ వాషింగ్టన్ రాసినవే అనడం తప్పు. వాటిలో చాలావాటిని ఢిల్లీ అధికారులు ముందునుంచే కోరుకున్నారు. వాషింగ్టన్ ఏమీ అడగలేదనడమూ తప్పే. గత్యంతరం లేని సమయం ఇద్దరినీ ఒక చోట చేర్చింది. తీసుకున్న అప్పును మన దేశం పూర్తిగా తీర్చేసింది.

ఢిల్లీలో ఇవన్నీ జరుగుతున్న రోజుల్లోనే మన మెట్టలో ఇంకో కథ మొదలైంది. కలిగిరి మండలం దూబగుంట. అక్షరాస్యత తరగతుల్లో చదవడం నేర్చుకున్న ఆడవాళ్లు తమ ఇళ్లను పీల్చేస్తున్న సారా గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరి తర్వాత ఊరు సారాను తరిమింది. సారా వేలం పాటలు ఆగాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది.

సారా డబ్బు మిగిలిన ఇంట్లో రోజుకు ఒక రూపాయి పక్కన పెట్టడం మొదలైంది. నెల్లూరు జిల్లాలో దానికి పొదుపు లక్ష్మి అని పేరు పెట్టారు. నన్నడిగితే మన ప్రాంతం దేశానికిచ్చిన వాటిలో ఇంత గొప్పది ఇంకోటి లేదు. ఇక్కడ పుట్టిన అలవాటు రాష్ట్రం మొత్తానికి పాకింది.

అయితే అదే నిషేధం రాష్ట్ర ఖజానాకు పెద్ద గండి కొట్టింది. మద్యం మీద వచ్చే పన్ను పోయింది. రెండు రూపాయల బియ్యానికి, చౌక కరెంటుకు ఖర్చు సాగుతూనే ఉంది. జీతాలకు, వడ్డీలకు పోను పనులకు డబ్బు మిగలని స్థితి వచ్చింది. 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం శ్వేతపత్రాలు విడుదల చేసింది. బియ్యం ధర పెంచింది. 1997లో మద్య నిషేధాన్ని ఎత్తివేసింది, సారా మీద నిషేధం మాత్రం నిలిచింది. ఆ జనవరిలోనే ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక స్థితి మీద ఒక నివేదిక ఇచ్చింది. ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. ఆడవాళ్లు అడిగింది న్యాయం. దాని ధర ఎంతో, ఆ డబ్బు వేరే ఎక్కడినుంచి రావాలో ముందే లెక్కవేయడం ప్రభుత్వం పని. ఆ లెక్క వేయకపోవడం వల్లే సంపూర్ణ నిషేధం రెండేళ్ల పైచిలుకు మాత్రమే నిలిచింది. ఆ తప్పు వాషింగ్టన్‌ది కాదు.

ఆ లోటు పూడ్చే దారిలో ప్రపంచ బ్యాంకు నేరుగా మన రాష్ట్రంతో మాట్లాడింది. అంతకుముందు అది ఢిల్లీతో ఒక్కొక్క ప్రాజెక్టు గురించి మాట్లాడేది. ఇప్పుడు ఒక రాష్ట్రం మొత్తం లెక్కలను సరిదిద్దే కార్యక్రమానికి డబ్బు ఇచ్చింది. 1998 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ ప్రాజెక్టుకు 54.3 కోట్ల డాలర్లు మంజూరైంది. బడులు, ఆసుపత్రులు, రోడ్లు, కాలువలు అందులో ఉన్నాయి. చెరువులను, కాలువలను రైతు సంఘాలకు అప్పగించే చట్టం 1997లోనే వచ్చింది. అనంతసాగరం, వింజమూరు వైపు చెరువుల ఆయకట్టుదారులు అధ్యక్షుల్ని ఎన్నుకున్నది ఆ చట్టం కిందే.

1999లో విద్యుత్ సంస్కరణలకు మరో 21 కోట్ల డాలర్లు ఇచ్చారు. విద్యుత్ బోర్డును విడదీసి ఉత్పత్తికి ఒకటి, సరఫరాకు ఒకటిగా చేశారు. తర్వాత పంపిణీకి నాలుగు కంపెనీలు పెట్టారు. నెల్లూరు జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ పంపిణీ సంస్థ కిందకు వచ్చింది. ధర నిర్ణయించడానికి నియంత్రణ మండలి ఏర్పడింది. ఉద్దేశం అర్థం చేసుకోదగినదే. ఖర్చు కంటే తక్కువకు అమ్మే సంస్థ ఎన్నాళ్లు బతుకుతుంది? కానీ 2000లో చార్జీలు ఒక్కసారిగా పెరిగాయి. కరువు సీమలో బోరు నీళ్ల మీద బతికే రైతుకు ఆ వివరణ చెప్పినవాళ్లు లేరు. ఆ ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. 2004లో వచ్చిన ప్రభుత్వం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చింది. ప్రజల్ని ఒప్పించకుండా కాగితం మీద రాసిన సంస్కరణ ఎంతకాలం నిలుస్తుందో ఆ నాలుగేళ్లు చూపించాయి.

అదే కాలంలో అదే బ్యాంకు ఇంకో తలుపు గుండా మన ఊళ్లోకి వచ్చింది. 2000లో ఆరు పేద జిల్లాల్లో పొదుపు సంఘాల చుట్టూ అల్లిన వెలుగు పథకం మొదలైంది, ఐడిఏ అప్పు 11.1 కోట్ల డాలర్లు. 2003లో మరో 15 కోట్ల డాలర్లతో నెల్లూరుతో సహా మిగతా 16 జిల్లాలకు విస్తరించింది. తర్వాత దీని పేరు ఇందిరా క్రాంతి పథం. ఐకేపీ అంటే ఇప్పటికీ ఊళ్లో అందరికీ తెలుసు. ఈ డబ్బు ఒక్కొక్క మహిళ చేతికీ నేరుగా అప్పుగా రాలేదు. శిక్షణకు, కార్యకర్తలకు, లెక్కలు రాయడం నేర్పడానికి కొంత పోయింది. కొంత సామాజిక పెట్టుబడి నిధిగా గ్రామ సమాఖ్యలకు, మండల సమాఖ్యలకు చేరింది. సంఘం లెక్కలు సరిగా ఉంటే బ్యాంకులు వాళ్లను నమ్మి అప్పు ఇచ్చాయి. అసలు పెద్ద మొత్తం బ్యాంకుల నుంచే వచ్చింది. వాషింగ్టన్ మన ఊరికి పొదుపు నేర్పలేదు. ఊరు అప్పటికే నేర్చుకున్నదాని చుట్టూ గోడలు కట్టుకోవడానికి డబ్బు ఇచ్చింది. రెంటికీ చాలా తేడా ఉంది. ఆ సంస్థల పనుల్లో మన దగ్గర బాగా నిలిచింది ఇదే కావడానికి కారణం కూడా ఆ తేడాయే అనుకుంటాను.

ఇక ఎవరు తీరుస్తారన్న ప్రశ్న. రాష్ట్రం ప్రపంచ బ్యాంకు దగ్గర సొంతంగా అప్పు తీసుకునే వీలు లేదు. అప్పు ఒప్పందం మీద సంతకం పెట్టేది కేంద్రం. పని చేసే ఒప్పందం మీద సంతకం పెట్టేది రాష్ట్రం. గతంలో కేంద్రం ఈ డబ్బును 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా రాష్ట్రానికి ఇచ్చేది. డాలరు ధర మారితే ఆ నష్టం కేంద్రమే భరించేది. పన్నెండో ఆర్థిక సంఘం సిఫారసు మేరకు 2005 నుంచి పద్ధతి మారింది. బయటి అప్పు ఏ షరతులతో వచ్చిందో ఆ షరతులతోనే రాష్ట్రానికి పోతుంది. డాలరు పెరిగితే ఆ భారమూ రాష్ట్రానిదే.

ఊరి వడ్డీ లెక్కలో చూద్దాం. వందకు నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. పావలా వడ్డీ అంటే ఏడాదికి మూడు శాతం. వెలుగుకు ఐడిఏ తీసుకున్నది ఏడాదికి ముప్పావు శాతం సర్వీసు చార్జి. అంటే వందకు నెలకు ఆరు పైసల పైచిలుకు. గడువు 35 ఏళ్లు, మొదటి పదేళ్లు అసలు కట్టనక్కర్లేదు. ఇంత చౌక అప్పు భూమ్మీద ఇంకెక్కడ దొరుకుతుంది? కానీ కట్టవలసింది డాలర్లలో అనుకోండి. డాలరు 45 రూపాయలున్నప్పుడు వంద డాలర్లు తెస్తే చేతికి 4,500 వచ్చాయి. ఇరవై ఏళ్లకు డాలరు 85 అయితే అదే అసలుకు 8,500 కట్టాలి. లెక్క వేస్తే ఏటా మూడు శాతం పైన వడ్డీ కలిసినట్టు. కనపడని పావలా వడ్డీ ఇది. పత్రికలో "నామమాత్రపు వడ్డీ" అని చదివినప్పుడు దీన్నీ కలుపుకోవాలి.

పైగా ఆ ఆరు పైసల రోజులు పోయాయి. మన దేశం ఆదాయం పెరిగిందని 2014లో ఐడిఏ జాబితా నుంచి తప్పించారు. ఇప్పుడొచ్చేవి మార్కెట్‌ను బట్టి వడ్డీ మారే అప్పులు. ఇచ్చేవాళ్ల సంఖ్య కూడా పెరిగింది. 1966లో మనీలాలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వచ్చింది. 2015 ప్రాంతంలో షాంఘై, బీజింగ్ కేంద్రాలుగా రెండు కొత్త బ్యాంకులు వచ్చాయి. బ్రిక్స్ దేశాలు పెట్టిన షాంఘై బ్యాంకులో అయిదు వ్యవస్థాపక దేశాలకూ సమాన వాటా. బ్రెటన్ వుడ్స్‌లో మనకు దక్కనిది అక్కడ దక్కింది. ఆ బ్యాంకుతో 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్లకు 64.6 కోట్ల డాలర్ల ఒప్పందాలు కుదిరాయి. మండల కేంద్రాలను జిల్లా కేంద్రాలతో రెండు వరుసల రోడ్లతో కలపడం అందులో ఒక పని. సీతారామపురం, వరికుంటపాడు వంటి దూరపు మండలాలవాళ్లకు అలాంటి రోడ్డు విలువ చెప్పనక్కర్లేదు.

ఒప్పంద పత్రాలు రహస్యం కాదు. ఎంత అప్పు, ఏ వడ్డీ, ఏ పని ఎప్పటికి పూర్తి కావాలి, భూమి పోయినవాళ్లకు ఏమివ్వాలి, ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి అన్నీ వాటిలో ఉంటాయి. కానీ అవి ఇంగ్లిషులో ఉంటాయి, అదీ న్యాయవాదుల ఇంగ్లిషులో. మన పొదుపు సంఘంలో అలా జరగదు. నెలసరి సమావేశం చివర లెక్కల పుస్తకం తెరిచి, ఎవరు ఎంత కట్టారు, ఎవరి మీద ఎంత ఉంది అని ఒకరు పైకి చదువుతారు. చదువు రానివాళ్లు వింటారు, అర్థం కాకపోతే ఆపి అడుగుతారు. ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు. తమ పేరిట తెచ్చే అప్పు పత్రాన్ని కూడా అలాగే తెలుగులో గ్రామసభ ముందు చదివి వినిపించమని ఉదయగిరివాళ్లు, ఆత్మకూరువాళ్లు అడగవచ్చు.